కాటా మీద దించిన కిలోకి బార్ మీద ధర ఎంత?

జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీకి పొద్దున్నే వెళ్తే వెయిట్-ఇన్ (పోటీకి ముందు బరువు తూచే) గది బయట ఈ సీను కనబడి తీరుతుంది. మే నెల ఉక్కలో రెండు జెర్కిన్లు తొడుక్కుని వరండాలో అటూ ఇటూ పరిగెత్తే కుర్రాడు ఒకడు. ఖాళీ బాటిల్‌లో ఉమ్ముతూ కూర్చున్నవాడు ఇంకొకడు. పెదాలు ఎండి, కళ్లు లోపలికి పోయి, "అన్నా, ఇంకో 600 గ్రాములే" అంటూ కోచ్ వెనకాల తిరిగేవాడు మరొకడు. గంటన్నర తర్వాత వీళ్లే స్క్వాట్ బార్ కింద దూరాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వెయిట్-ఇన్‌కీ పోటీకీ మధ్య రెండు గంటలే ఉన్నచోట, శరీర బరువులో ఒకటీ ఒకటిన్నర శాతానికి మించి నీళ్లు పిండి కింది బరువు కేటగిరీలోకి దూరడం నష్టపు బేరం. అదే కష్టం కంచం మీదా, అటెంప్ట్ కార్డు (ఒక్కో లిఫ్ట్‌కి ఉండే మూడు ప్రయత్నాల్లో ఏ బరువు అడగాలన్న చీటీ) మీదా పెడితే టోటల్, అంటే మూడు లిఫ్ట్‌లలో లేపిన అత్యధిక బరువుల మొత్తం, పెరుగుతుంది. కష్టపడటానికి మనవాళ్లు ఎప్పుడూ వెనకాడరు, ఎక్కడ పడాలన్నదే లెక్క తప్పుతోంది.

అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఐపీఎఫ్ నిబంధనల్లో వెయిట్-ఇన్ పోటీకి సరిగ్గా రెండు గంటల ముందు మొదలై గంటన్నర పాటు సాగుతుంది. మన దేశ సమాఖ్య పవర్‌లిఫ్టింగ్ ఇండియా కింద జరిగే పోటీలు నడిచేది ఈ పద్ధతిలోనే. అంటే ముందు వరసలో కాటా ఎక్కినవాడికి రెండు గంటలు, చివర్లో ఎక్కినవాడికి అరగంట కాస్త అటూ ఇటుగా మిగులుతాయి. యూట్యూబులో "వారంలో 6 కిలోలు దించాను, టోటల్ తగ్గలేదు" అని చెప్పేవాళ్ల వీడియోలు మాత్రం ఎక్కువగా 24 గంటల ముందే బరువు తూచే ఫెడరేషన్లవి. అమెరికాలో అలాంటివి ఉన్నాయి. 24 గంటల్లో మూడు పూటలు తిని, ఒక రాత్రి నిద్రపోయి, ఐదారు లీటర్లు తాగొచ్చు. ఆ సలహా తెచ్చి రెండు గంటల పోటీలో వాడటమంటే పొరుగూరి బస్సు టైమింగులు చూసుకుని మన ఊరి స్టాండులో నిలబడటమే.

ఒక లెక్క వేద్దాం. 78 కిలోల లిఫ్టర్, జిమ్‌లో స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 190, బెంచ్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం) 115, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి లేపి నిలబడటం) 215, టోటల్ 520. పైన 83 కేటగిరీ, కింద 74. కిందికి వెళ్లాలంటే 4 కిలోలు దించాలి, అంటే శరీర బరువులో 5 శాతం పైనే. వారం రోజుల్లో పోయే ఈ నాలుగు కిలోల్లో కొవ్వు నామమాత్రం. అన్నం మానేస్తే కండరాల్లో దాచి ఉన్న పిండిపదార్థం, గ్లైకోజెన్, ఖాళీ అవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతుంది కాబట్టి అవీ పోతాయి. పేగుల్లో ఉన్న సరుకు ఒక కిలో దాకా తగ్గుతుంది. మిగిలినదంతా చెమట, మూత్రం, ఉమ్ము.

ఇందులో రెండు గంటల్లో తిరిగొచ్చేది ఎంత? పేగులు గంటకు లీటరు పీల్చుకుంటే గొప్ప. అంతకు మించి తాగితే కడుపులో గుడగుడలాడుతూ ఉంటుంది, బెల్టు బిగించగానే గొంతులోకి వస్తుంది. పీల్చుకున్న నీళ్లు కూడా ముందు రక్తంలోకి చేరతాయి. కండరం లోపలికి మళ్లీ చేరడానికి చాలా ఎక్కువ సమయం కావాలి. ఖాళీ అయిన గ్లైకోజెన్ పూర్తిగా నిండాలంటే గంటలు చాలవు, ఒక రోజు పడుతుంది. ఉప్పు లేని ఉత్త నీళ్లు గటగటా తాగితే అందులో పెద్ద భాగం మూత్రంలోనే పోతుంది.

బార్ కింద ఇది ఎలా బయటపడుతుందో దగ్గరగా చూడండి. మొదటి గుర్తు బెల్టు. రోజూ పెట్టుకునే రంధ్రం వదులవుతుంది, ఒకటి లోపలికి బిగించాల్సి వస్తుంది. నడుము చుట్టూ నీళ్లు తగ్గాయి కాబట్టి స్క్వాట్ అడుగున ఎప్పుడూ దొరికే బిగువు దొరకదు. తొడ, పిక్క ఆనుకునే చోట మెత్తదనం తగ్గి, అడుగు ఎక్కడుందో తెలియక ఒక అంగుళం ఎత్తులోనే లేచిపోవడమో, అదుపు తప్పి మరీ కిందికి జారిపోవడమో జరుగుతుంది. దీనికంటే ఘోరం బెంచ్ మీద. వీపు ఆర్చ్ చేసి (విల్లులా వంచి), పాదాలు వెనక్కి లాగి నేలకి నొక్కిపట్టిన ఆ భంగిమలో ఉప్పూ నీళ్లూ తగ్గిన తొడ వెనక కండరం ఒక్కసారిగా పట్టేస్తుంది. రెఫరీ "స్టార్ట్" అనేలోపే తిమ్మిరి. లిఫ్టర్ కాలు కదిలిస్తాడు, పిరుదులు బెంచ్ మీంచి లేస్తాయి, రెడ్ లైటు. చేతుల్లో బలం ఉంది, బరువు పైకి వెళ్లింది, అయినా లిఫ్ట్ పోయింది. ఇంటికొచ్చి "రెఫరీ అన్యాయం చేశాడు" అంటాడు.

టోటల్ రెండున్నర శాతం తగ్గిందనుకున్నా 520లో 13 కిలోలు. మూడు స్క్వాట్లూ పోతే టోటలే ఉండదు, పోటీ నుంచి ఔట్.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి.

మొదటిది: "మన పోటీలు చెప్పిన టైముకి ఎప్పుడు మొదలయ్యాయి? పదింటికి అంటే ఒంటిగంట. నాకు ఐదు గంటలు దొరుకుతాయి." నిజమే, చాలా చోట్ల అంతే. ప్రారంభోత్సవం, దీపం, శాలువాలు, ప్రసంగాలు అయ్యాకే బార్ కదులుతుంది. కానీ ఆ ఆలస్యం మీ చేతిలో లేదు. ఫ్యాన్లు మాత్రమే ఉన్న హాల్లో ఐదు గంటలు కూర్చుంటే ఇంకో లీటరు చెమట పోతుంది, ఎప్పుడు పిలుస్తారో తెలియక తినాలా వద్దా అన్న డైలమా సరేసరి. ఆలస్యం అవుతుందన్న నమ్మకంతో నీళ్లు పిండుకున్నవాడికి ఒక్కరోజు పోటీ టైముకి మొదలైతే చాలు.

రెండోది: "74లో పతకం సులువు." ఇది మాత్రం బలమైన మాట. నిరుటి ఫలితాలు తీసి చూడండి. 74లో మూడో స్థానం 505 దగ్గర, 83లో 540 దగ్గర ఉందనుకుందాం. 520 లిఫ్టర్ నీళ్లు పిండి 507 కొడితే ఒక కంచు పతకం వస్తుంది. కాదనను. మరి వచ్చే ఏడాది? 74లో ఉండాలంటే ఏడాది పొడవునా 78 దాటకూడదు. అంటే ఏడాదంతా అరకడుపు, అరకొర ట్రైనింగ్. 170, 175 సెంటీమీటర్ల ఎత్తున్న ఇరవై ఏళ్ల కుర్రాడు 74లో ఉండిపోతే కండ పెరగాల్సిన మూడు నాలుగేళ్లూ కాటా కాపలాకే సరిపోతాయి. కటింగ్‌కి అసలు ఖరీదు పోటీ రోజు పోయే 13 కిలోలు కాదు. ఆ నాలుగేళ్లలో రావాల్సిన 60, 70 కిలోలు.

మూడోది: "టోటల్ సమానమైతే తక్కువ బరువున్నవాడే గెలుస్తాడు కదా." అవును, రూలు అదే. ఒకే కేటగిరీలో ఇద్దరు ఒకే టోటల్ దగ్గర ఆగితే అది పనికొస్తుంది. దానికి 200 గ్రాముల తేడా చాలు, 4 కిలోలు పిండనక్కర్లేదు.

ఇక ప్రాణం మాట. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు కొద్ది వారాల వ్యవధిలోనే బరువు దించే ప్రయత్నంలో చనిపోయారు. వేడిలో, చెమట సూట్లతో వ్యాయామం చేస్తూ పోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో రబ్బరు సూట్లు నిషేధించి, బరువు తూచే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ సంగతి అందరికీ గుర్తే. డాక్టర్లు, డైటీషియన్లు పక్కనుండి రాత్రంతా శ్రమించినా 50 కిలోల ఫైనల్ రోజు పొద్దున కాటా 100 గ్రాములు ఎక్కువ చూపించింది. అంతటి యంత్రాంగం ఉన్నచోటే అలా అయితే, హాస్టల్ బాత్రూంలో వేడినీళ్ల బకెట్‌తో, గూగుల్ చూసి చేసేవాడి సంగతేమిటి? పద్దెనిమిదేళ్లు నిండని సబ్‌జూనియర్ పిల్లల చేత ఈ పని చేయించే కోచ్‌తో నేను వాదించను కూడా. అది చేయకూడని పని, అంతే.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది. నీళ్లు పోవడానికి మందుల షాపులో దొరికే మాత్ర, ఫ్యూరోసెమైడ్ లాంటిది, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో ఉంది. పోటీలో ఉన్నా లేకున్నా అన్ని వేళలా నిషిద్ధమే, ఎందుకంటే మూత్రాన్ని పలచబరిచి వేరే మందుల జాడ దాచడానికి కూడా దాన్ని వాడతారు. మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్లు శాంపిల్ తీస్తే "బరువు కోసమే వేసుకున్నాను" అన్న మాట చెల్లదు. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత లిఫ్టర్‌దే. దగ్గు సిరప్‌ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మన దగ్గర విరివిగా అమ్మే కొన్ని కఫం సిరప్‌లలో టెర్బ్యుటలిన్ ఉంటుంది, అదీ నిషిద్ధమే. ఉబ్బసం మందు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్‌గా పరిమితి లోపల పర్వాలేదు, సిరప్‌గా తాగితే కాదు. సీసా వెనక పేరు చదవండి. జలుబు చేసినప్పుడు డాక్టర్‌కి "నేను డోప్ టెస్ట్ ఉండే పోటీలో ఆడతాను" అని ముందే చెప్పండి.

సరే, 75 కిలోలున్నారు, 74లో ఆడాలి, పైస్థాయి పోటీకి అర్హత ఆ కేటగిరీలోనే వచ్చింది. ఈ ఒక్క కిలో దించడానికి చెమట కక్కాల్సిన పని లేదు.

ముందు మీ తరుగు తెలుసుకోండి. బంగారం షాపులో తరుగు లెక్క ఉన్నట్టే ఒంటికీ రాత్రి తరుగు ఉంటుంది. పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచి టాయిలెట్‌కి వెళ్లొచ్చాక ఒకసారి, రెండు వారాల పాటు తూచి రాసుకోండి. ఊపిరిలో, చెమటలో, మూత్రంలో పోయేది చాలామందికి అరకిలో నుంచి కిలో మధ్య ఉంటుంది. మీది 700 గ్రాములైతే, పోటీ ముందు రాత్రి 74.6తో పడుకున్నా పొద్దున 73.9 చూపిస్తుంది. ఈ ఒక్క సంఖ్య తెలియకే సగం మంది అనవసరంగా రాత్రి భోజనం మానేస్తారు.

తర్వాత పీచు. పోటీకి రెండున్నర రోజుల ముందు నుంచి గోంగూర, తోటకూర, పప్పు, రాగి సంకటి, పచ్చి కూరగాయలు, జామకాయ పక్కన పెట్టండి. ఇవన్నీ మంచి తిండే, కానీ పేగులో నీళ్లు పట్టుకుని రోజుల తరబడి ఉంటాయి. వాటి బదులు తెల్లన్నం, పెరుగు, గుడ్లు, ఎముక లేని చికెన్, ఇడ్లీ, బ్రెడ్డు. పేగులోని సరుకు తగ్గి అరకిలో నుంచి కిలో దానంతటదే పోతుంది, కండకి ఏమీ కాదు. చివరి రోజు సాయంత్రం నుంచి తిండి బరువు కూడా చూసుకోవాలి. అరకిలో పెరుగన్నం తింటే కాటా మీద అది అరకిలోయే. బ్రెడ్డు, తేనె, గ్లూకోజ్ బిస్కెట్లు లాంటివి తక్కువ బరువులో ఎక్కువ శక్తినిస్తాయి.

ఉప్పు పూర్తిగా మానడం మాత్రం తప్పు. రోజూ తినేంతే తినండి, ఆవకాయ మాత్రం రెండు రోజులు ఆపండి. ఉప్పు సున్నా చేసి బెంచ్ మీద పడుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను. నీళ్లు కూడా ముందు రోజు రాత్రి ఏడెనిమిది దాకా మామూలుగా తాగి, ఆ తర్వాత గుక్కలకు తగ్గిస్తే సరిపోతుంది. క్రియాటిన్ (బలం కోసం వేసుకునే పొడి) వారం ముందు ఆపేస్తే బరువు తగ్గుతుందన్న మాట ఒకటి తిరుగుతూ ఉంటుంది. కండరంలో పేరుకున్న క్రియాటిన్ మామూలు స్థాయికి దిగడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వారం ముందు ఆపితే కాటాలో కనబడేది ఏమీ ఉండదు. రోజుకి 3 నుంచి 5 గ్రాములు పోటీ రోజు దాకా వేసుకోండి.

ఇంటి కాటాని నమ్మకండి. పోటీ హాలు దగ్గర పరీక్ష కాటా ఉంటే ముందు రోజే ఎక్కి, ఇంటి కాటాకీ దానికీ తేడా రాసుకోండి. బరువు ఎక్కువ చూపితే గంటన్నర గడువు లోపల మళ్లీ రావచ్చు, కాబట్టి చివరి పది నిమిషాల దాకా ఆగకుండా ముందే ఎక్కడం మేలు.

కాటా దిగిన క్షణం నుంచి పని మొదలవుతుంది. మొదటి పది నిమిషాల్లో అరలీటరు ఓఆర్ఎస్, ఆ తర్వాత పావుగంటకి ఒక గ్లాసు చొప్పున, మొత్తం లీటరు నుంచి లీటరున్నర. ఓఆర్ఎస్ అంటే లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పొడి. టెట్రాప్యాక్‌లో ఆ పేరుతో అమ్మిన పండ్ల రుచి పానీయాలు చాలావరకు చక్కెర నీళ్లే. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి, ప్యాకెట్ మీద రాసిన కొలతలోనే కలపండి. దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను పైన గీసి సమంగా.

తిండి: కిలో శరీర బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం, ఇంకాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. నాలుగు ఇడ్లీలు తేనెతోనో చక్కెరతోనో, రెండు అరటిపళ్లు అంటే మీ కోటా నిండినట్టే. కొబ్బరి చట్నీ, నెయ్యి కారం, పూరీ, వడ ఆ పూటకి వద్దు, నూనె కడుపులోనే కూర్చుంటుంది. కాఫీ అలవాటుంటే స్క్వాట్‌కి 45 నిమిషాల ముందు. కెఫీన్ 2004 నుంచి నిషేధ జాబితాలో లేదు. రోజూ ఒక కప్పు తాగేవాడు పోటీ రోజు నాలుగు తాగితే బలం రాదు, చేతులు వణుకుతాయి. స్క్వాట్‌కీ బెంచ్‌కీ మధ్య ఒక అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ. బెంచ్ అయ్యాక బిర్యానీ పొట్లం విప్పేవాళ్లని చూస్తే జాలేస్తుంది, డెడ్‌లిఫ్ట్ ఇంకా మిగిలే ఉంది మరి.

మళ్లీ మన 78 కిలోల మనిషి దగ్గరికి వద్దాం. అతను 74 మాట మర్చిపోయి 83 వైపు నడవాలి. నెలకి 400, 500 గ్రాములు చాలు. తొమ్మిది పది నెలల్లో 82 దాటతాడు. రోజూ పొద్దున తూచి, ఏడు రోజుల సగటు మాత్రమే చూడాలి. దీనికి అదనంగా కావాల్సింది రోజుకి 250 నుంచి 300 కేలరీలు: 80 గ్రాముల బియ్యమో, 50 గ్రాముల పల్లీలో. "బల్కింగ్" అని పేరు పెట్టి రాత్రి పదకొండింటికి మండీ ప్లేటు ముందు కూర్చోనక్కర్లేదు. బొడ్డు దగ్గర టేపు కొలత నెలకి సెంటీమీటరు చొప్పున పెరుగుతుంటే అన్నం తగ్గించే టైమొచ్చినట్టు.

ప్రోటీన్ కిలోకి 1.6 నుంచి 2.2 గ్రాములు. 80 కిలోలకి 1.8 చొప్పున 144. ఇక్కడే మన కంచం మోసం చేస్తుంది. "రోజూ పప్పు తింటున్నా కదా" అంటారు. ఇంట్లో ఒక మనిషి వాటాకి వచ్చే పప్పులో ఎండు కందిపప్పు 30 గ్రాములు ఉంటే గొప్ప, అందులో ప్రోటీన్ ఆరేడు గ్రాములు. మిగతాది నీళ్లు, టమాటా, తాలింపు. పప్పు మంచిదే, కానీ దాని మీద ఒక్కదాని మీదే భారం వేస్తే రోజుకి ఇరవై గిన్నెలు కావాలి. రోజు మొత్తానికి లెక్క ఇలా వేయొచ్చు: 300 గ్రాముల బియ్యంలో 21 గ్రాములు, పొద్దున టిఫిన్‌లో 12, రెండు పూటల పప్పులో 14, 300 గ్రాముల పెరుగులో 10, ఐదు గుడ్లలో 30, 200 గ్రాముల ఎముక లేని పచ్చి చికెన్‌లో 44, 300 మిల్లీలీటర్ల పాలలో 10. మొత్తం 141. డబ్బా పొడి ఒక్క స్పూను లేకుండానే. చికెన్ ఎముకతో కొంటే 300 గ్రాములు తూయించుకోవాలి, వండాక తూచి 200 అనుకోకూడదు. మాంసం తినని వాళ్లకి 60 గ్రాముల మీల్ మేకర్‌లో 31 గ్రాములు వస్తాయి, 150 గ్రాముల పనీర్‌లో 27. ఇడ్లీ రోజుల్లో సగం పెసరట్టుకి మార్చితే ఇంకాస్త. వే ప్రోటీన్ తప్పేం కాదు, వంటకి టైం లేనివాళ్లకి సుఖం. కానీ బ్యాచ్ వారీగా పరీక్షించిన ముద్ర ఉన్నదే కొనాలి, జిమ్‌లో అన్న ఇచ్చిన లేబుల్ లేని సంచి కాదు.

ట్రైనింగ్ ప్రోగ్రాముల గురించి లక్ష వాదాలున్నాయి, నేను ఆ గొడవలోకి దిగను. వారానికి రెండు స్క్వాట్లు, రెండు మూడు బెంచ్‌లు, ఒకటీ రెండు డెడ్‌లిఫ్ట్‌లు ఉన్న ఏ బుద్ధిగల ప్రోగ్రామైనా పనిచేస్తుంది. ఆఖరి భారీ డెడ్‌లిఫ్ట్ పోటీకి 10, 12 రోజుల ముందు, స్క్వాట్ 8, 10 రోజుల ముందు, బెంచ్ 5 నుంచి 7 రోజుల ముందు. చివరి వారం సెట్లు సగానికి. కండ ఆ వారంలో పెరగదు, అలసట మాత్రం దిగుతుంది.

కిలోలు పోయేది వేరేచోట. జిమ్‌లో 115 బెంచ్ అంటారే, ఆ 115 ఛాతీ మీద ఆగిందా? పోటీలో బార్ ఛాతీని తాకి, కదలకుండా నిలిచాకే రెఫరీ "ప్రెస్" అంటాడు. ఆగడం అలవాటు లేనివాడి 115 వేదిక మీద 105 అవుతుంది. 2023 నుంచి ఇంకో మెలిక వచ్చింది: బార్ దిగినప్పుడు మోచేయి కీలు అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమంగా గానీ కిందికి గానీ రావాలి. వెడల్పు పట్టుతో, ఎత్తు ఆర్చ్‌తో రెండంగుళాలు కదిపేవాళ్లకి ఇది గండమే. జిమ్‌లో ఒక మిత్రుణ్ని పక్కన నిలబెట్టి, అతను "స్టార్ట్", "ప్రెస్", "ర్యాక్" అంటేనే కదలండి. ఆ మిత్రుడు కొంచెం క్రూరుడై, ఒక్కోసారి "ప్రెస్" రెండు సెకన్లు ఆలస్యంగా అంటే ఇంకా మంచిది.

స్క్వాట్ లోతు సంగతీ అంతే. తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి పోవాలి, సమంగా వస్తే చాలదు. ఫోన్‌ని నేల మీద పెట్టి తీసినా, నిలబడి పైనుంచి తీసినా లోతు ఉన్నది ఉన్నట్టు కనిపించదు. మీరు అడుగుకి వెళ్లినప్పుడు తుంటి ఎక్కడుంటుందో ఆ ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి పెట్టండి. పక్కన కూర్చున్న రెఫరీకి కనిపించేది దాదాపు అదే.

బార్ లెక్కలో ఇంకో చిన్న తిరకాసు. పోటీలో 20 కిలోల బార్‌కి రెండున్నర కిలోల కాలర్లు రెండు తోడవుతాయి, మొత్తం 25. స్ప్రింగ్ క్లిప్పులు వాడే జిమ్‌లో అటు రెండు, ఇటు రెండు 20 ప్లేట్లు వేస్తే 100. అదే సరుకు పోటీలో 105. వార్మప్ గదిలో ఈ 5 కిలోలు మర్చిపోయి కంగారుపడేవాళ్లు ప్రతి పోటీలోనూ ఉంటారు.

ఇక అటెంప్ట్ కార్డు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి 240తో కంచు గెలిచింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే ఆగాయి, ఇద్దరి మధ్యా తేల్చింది శరీర బరువు. చివరి క్లీన్ అండ్ జెర్క్‌లో బార్ మీద 137.5 పెట్టారు, అంటే 7.5 కిలోల దూకుడు. అది నిలవలేదు. 135 నిలిచి ఉంటే టోటల్ 245. ఇది వెనక్కి తిరిగి చూసి చెప్పే మాటే, వేదిక మీద ఉన్నవాళ్లకి తెలిసింది, తోచింది వేరు. అది వెయిట్‌లిఫ్టింగ్, మనది పవర్‌లిఫ్టింగ్, ఆ తేడా కూడా ఉంది. కానీ ఒక్క సంఖ్య ఎంత మారుస్తుందో తెలుగువాళ్లకి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఓపెనర్ (మొదటి అటెంప్ట్) అంటే జ్వరం తగ్గిన మర్నాడు కూడా మూడు రెప్స్ తీయగలిగే బరువు. గరిష్ఠంలో 90, 91 శాతం. మన 520 లిఫ్టర్‌కి స్క్వాట్ 172.5, 182.5, 190. బెంచ్ 105, 110, 115. డెడ్‌లిఫ్ట్ 195, 207.5, 215. చూడటానికి పిరికి ఓపెనర్లు. 185తో స్క్వాట్ తెరిచి ఒకటి పోగొట్టుకుని, రెండోసారి అదే బరువు వణుకుతూ లేపి, మూడోది వదిలేసేవాడి కంటే 172.5తో తెరిచినవాడు 5 కిలోలు ముందుంటాడు, ఒంట్లో ఓపిక కూడా మిగులుతుంది. ఓపెనర్ లోతు చాలక పోతే రెండోసారి అదే బరువు అడగండి, పెంచకండి. నీళ్లు పిండి వచ్చినవాళ్లయితే మూడు ఓపెనర్లూ కనీసం 5 కిలోలు దించాలి. కాటా ఎక్కేటప్పుడు రాసిచ్చినదాన్ని రౌండు మొదలయ్యే మూడు నిమిషాల ముందు వరకు ఒకసారి మార్చుకోవచ్చు. వార్మప్‌లో చివరి బరువు నెమ్మదిగా లేచిందా, వెంటనే వెళ్లి మార్చండి, అహం అడ్డొస్తుంది గానీ.

లిఫ్ట్ అయ్యాక తర్వాతి బరువు చెప్పడానికి ఉన్నది ఒక్క నిమిషం. చెప్పకపోతే గెలిచిన లిఫ్ట్‌కి 2.5 కిలోలు వాళ్లే కలిపేస్తారు, ఓడితే అదే బరువు ఉంచుతారు. ఊపిరి తీసుకుంటూ, బెల్టు విప్పుకుంటూ లిఫ్టర్ ఆ నిమిషంలో ఆలోచించలేడు. అందుకే ముందు రోజే మూడు గీతలు గీసి రాసుకోవాలి: రెండోది తేలిగ్గా లేస్తే ఇంత, మామూలుగా లేస్తే ఇంత, ఈడ్చుకుంటూ లేస్తే ఇంత. ఆ చీటీ లిఫ్టర్ జేబులో కాదు, టేబుల్ దగ్గర నిలబడే మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి బాగా లేపేవాడు కానక్కర్లేదు, కూడికలు తప్పనివాడైతే చాలు. డెడ్‌లిఫ్ట్ మూడో అటెంప్ట్‌ని మాత్రం బార్ మీద ప్లేట్లు ఎక్కేలోపు, మీ పేరు పిలిచేలోపు రెండుసార్లు మార్చుకోవచ్చు. ముందున్నవాడి టోటల్‌కి 2.5 కలిపి అడగాలా, సమం చేసి శరీర బరువు మీద గెలవాలా అని అప్పుడు చూసుకుంటారు. అందుకని టేబుల్ దగ్గరి మనిషి చీటీలో పక్కవాళ్ల కాటా బరువులు కూడా రాసి ఉంచండి.